పదింటి నీళ్ళు

ఫిబ్రవరి 3

మామయ్యకి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నా తొట్టిలో మురుగు తినే కోటానుకోట్ల పురుగులూ క్షేమం. అక్కడ మీరూ అత్తయ్యా, మీ చెవులు తప్ప మిగతావన్నీ క్షేమమని తలుస్తాను. మొన్న ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తి, "ఆయనకి వినపడాలంటే నేను అరవాలి, నేనరిస్తే పక్కింటివాళ్ళు తలుపు తీసి చూస్తారు, ఉత్తరం రాయవే తల్లీ" అంది. ముప్ఫై రెండేళ్ళు మురుగు ప్లాంటులో బ్లోయర్ల పక్కన నిలబడ్డ చెవులు కదా, ఇంకేం మిగులుతాయి! అందుకని రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర సిరా పెట్టి వెనక్కి పంపకండి.

ఈ రిసార్టులో చేరి అయిదు నెలలు దాటింది. నూట ఇరవై గదులు, ఈతకొలను, లాండ్రీ, రెండు వంటిళ్ళు. అన్నిటి మురుగూ లాండ్రీ వెనకున్న నా ప్లాంటుకే చేరుతుంది. అతిథుల కంట పడకుండా చుట్టూ పూలచెట్లు పెంచారు. లోపల బ్లోయర్లు పురుగులకి గాలి ఊదే గాలి తొట్టి, పక్కన బురద అడుక్కి దిగేందుకు తేర్చే తొట్టి, ఒక రేకుల గది, అందులో బల్ల, బల్ల ముందు మీ మేనకోడలు. తేరిన నీళ్ళు పైపులోంచి వెనకున్న ఉప్పుకయ్యలోకి పోతాయి. సముద్రపు నీళ్ళు నిలిచే మోకాలి లోతు కయ్య అది. అడుగున పచ్చగా గడ్డి, గడ్డి మొదట్లో గుల్లలు, పైన రకరకాల పక్షులు. ప్రభుత్వం చుట్టూ రాళ్ళు పాతి రక్షిత ప్రాంతమని రాసింది. అందుకే ఇక్కడి నిబంధనలు మీ ఊళ్ళో కంటే గట్టివి.

మీరు నేర్పినట్టే రోజూ సరిగ్గా పదింటికి పరీక్షకి సీసాలో నీళ్ళు పడతాను. "పొద్దుటి హడావిడీ కాదు, మధ్యాహ్నపు బద్ధకమూ కాదు, పదింటి నీళ్ళే నిజం చెప్తాయి" అనేవారు కదా. బయటికి పోయే నీళ్ళలో బురద లీటరుకి ముప్ఫై మిల్లీగ్రాములు దాటకూడదు, నాది ఏనాడూ పన్నెండు దాటలేదు! మార్చి 31కి ఆరునెలల నివేదిక ఇవ్వాలి. దాని మీద సంతకం నాది. అది బాగుంటే ఇంకో ఎనభై గదులకి అనుమతి వస్తుందట, మేనేజరు నన్ను చూసినప్పుడల్లా పళ్ళికిలిస్తున్నాడు.

ఒక్కటే చిరాకు. కయ్యలో గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళు గేటు దగ్గరికొచ్చి, మీ నీళ్ళ వల్లే గుల్లలు చచ్చిపోతున్నాయని గొడవ పెట్టారు. నేనే బయటికెళ్ళి రిజిస్టరు తెరిచి చూపించాను. వాళ్ళలో పెద్దావిడ, అందరూ గుల్లల పెద్దమ్మ అంటారు, రిజిస్టరుకేసి చూడనైనా చూడలేదు. నన్నే చూసింది.

మీ పిచ్చుక


ఫిబ్రవరి 12

చిరంజీవి పిచ్చుకకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ అత్తయ్య అయిదోసారి పైకి చదివింది, వినపడకపోయినా తలూపాను. కాపరం అంటే అదే.

నువ్వు ఏడేళ్ళ పిల్లప్పుడు సెలవలకొచ్చి, నా వెనకాల ప్లాంటుకొచ్చి, ముక్కు మూసుకోకుండా తొట్టిలోకి తొంగిచూసినప్పుడే అనుకున్నాను, ఇది మా రక్తం అని. మీ అమ్మ మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు. సరే, పని సంగతి. మీటరు తరవాత, ముందు ముక్కు. గాలి తొట్టి తడిసిన మట్టి వాసన రావాలి. కుళ్ళు వాసనొస్తే నీ పురుగులకి గాలి చాలడం లేదని. జాడీలో అరగంట బురద తేర్చి చూడ్డం మానకు. లాండ్రీవాళ్ళతో స్నేహంగా ఉండు, వాళ్ళ సబ్బుతోనే నీకు సగం తలనొప్పి.

గుల్లల వాళ్ళతో వాదన పెట్టుకోకు. ఎండలో అంతదూరం నడిచి గేటు దాకా ఎవరూ సరదాకి రారు.

పదింటి సంగతంటావా, అది మా ఊరి సంగతి. అక్కడ నీ ఇష్టం.

నీ మేనమామ


ఫిబ్రవరి 20

మామయ్యా,

"అక్కడ నీ ఇష్టం" అంటే ఏమిటి? అత్తయ్య మీతో కూర విషయంలో "మీ ఇష్టం" అన్నప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. డిసెంబరులో వస్తానని రాలేదనేగా కోపం? సెలవు దొరకలేదు మామయ్యా, ఒట్టు. ఆ వారం అన్ని గదులూ నిండి ఉన్నాయి. మీ పద్ధతిని ఎవరేమన్నా నేనూరుకోను, మీరే తేలిగ్గా తీసేస్తే ఎలా?

మీరు చెప్పారని కయ్యకి వెళ్ళాను. గుల్లల పెద్దమ్మ వంగి నీళ్ళలోంచి పిడికెడు గుల్లలు తీసి నా చేతిలో పోసింది. అన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, లోపల ఏమీ లేదు. గడ్డి మీద బూడిదరంగు జిగట పేరుకుంది. "పడవల నూనె అయ్యుంటుంది" అన్నాను. ఆవిడ నవ్వింది. "మా తాత నాటి నుంచీ పడవలున్నాయమ్మా. మీ పైపు మొన్నొచ్చింది. నువ్వు ఓ రోజు పొద్దున్నే రా, ఏడింటికి రా, నీకే తెలుస్తుంది" అంది.

స్టాఫు వ్యాను నన్ను తొమ్మిదింటికి దింపుతుంది, అంతకుముందు ప్లాంటుకి వాచ్‌మనే దిక్కు. అదే చెప్పాను. పైగా నా దగ్గర లెక్కలున్నాయి, ఏడింటికి చూడాల్సిన అవసరం నాకేమిటి అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో. ఆవిడ గోనెసంచి దులుపుకుని వెళ్ళిపోయింది.

కోపం పోతే రాయండి.

పిచ్చుక


ఫిబ్రవరి 27

అమ్మడూ,

కోపం లేదు. పొద్దున్నే వెళ్ళు. ఆవిడ చెప్పిన వేళకే వెళ్ళు. చూడకుండా దేనిమీదా సంతకం పెట్టకు.

నీ మేనమామ

*అత్తయ్య రాస్తున్నాను. ఏం రాశావే ఈయనకి? నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ సరిగ్గా తినడం లేదు. ఈ మూడు ముక్కలు రాయడానికి మూడు కాగితాలు చింపారు. నీ పెళ్ళి సంగతేమైనా ఈయనకి తెలిసిందా అని నాకు అనుమానం. ఉంటే నాకు ముందు చెప్పు.*


మార్చి 6

మామయ్యా,

అత్తయ్యకి చెప్పండి, పెళ్ళీ లేదు, పాడూ లేదు.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. "చూడకుండా సంతకం పెట్టకు" అని మీరా నాకు రాసేది? నేను చూడకుండా ఎప్పుడు పెట్టాను? రోజూ నా చేత్తో నీళ్ళు పట్టి, నా కళ్ళతో అంకె చూసి, నా పెన్నుతో రాశాను. గేటు దగ్గరికొచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్ళు అనుమానించారంటే సరే. సొంత మేనమామ కూడా నేను దొంగలెక్కలు రాస్తున్నాననుకుంటే ఇంకెవరికి చెప్పుకోను?

ఇక్కడ ఈ పని చేసే ఆడపిల్లని నేనొక్కదాన్నే. పంపు చెడితే ఎవరినైనా పిలవమంటారు, నేనే బాగుచేస్తే నోళ్ళు వెళ్ళబెడతారు. మీ పేరు చెప్పుకుని తలెత్తుకు తిరుగుతున్నాను. ఆ తలని మీరే వంచేశారు.

ఉత్తరం చించేద్దామనుకున్నాను. చించను. పోస్టు చేస్తున్నాను.

మీ మేనకోడలు


మార్చి 9

మామయ్యా,

మొన్నటి ఉత్తరానికి జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. దాన్ని చించేయండి. కాదు, ఉంచండి, నా పొగరు నాకే గుర్తుండాలి.

ఇవాళ స్టేషను నుంచి అతిథుల్ని తేవాలని వ్యాను డ్రైవరు మమ్మల్ని ముందే ఎక్కించుకుని ఏడుంబావుకి దింపేశాడు. తాళం తీసి లోపలికెళ్ళాను. నేరుగా తేర్చే తొట్టి దగ్గరికి నడిచాను. నూట ఇరవై గదులవాళ్ళూ ఒక్కసారే స్నానాలు, పైన లాండ్రీ మొదటి విడత, ఈతకొలను ఫిల్టరు కడిగిన నీళ్ళు. ఇక్కడి పైపులెంత పొడవని! నిమిషాల్లో అన్నీ వచ్చి మీద పడతాయి. అంత ఉరవడికి తొట్టి అడుగున పడుకున్న బురద మొత్తం లేచి, పాలు పొంగినట్టు పొంగి, అంచు దాటి పైపులోకి పోతోంది. కయ్యలోకి పోతోంది. గుల్లల మీదికి పోతోంది.

వెంటనే సీసా పట్టాను. రెండొందల నలభై. మళ్ళీ పట్టాను. రెండొందల ముప్ఫై ఆరు. వాచ్‌మన్ని అడిగితే, "రోజూ ఇంతేనమ్మా, మీరొచ్చేసరికి సద్దుకుంటది" అన్నాడు. నిజమే, తొమ్మిదికల్లా హడావిడి తగ్గింది. పదింటికి మళ్ళీ పట్టాను. పదకొండు! అద్దంలా ఉన్నాయి నీళ్ళు.

అంటే ఇన్ని నెలలుగా రోజుకి రెండు గంటలు విషం వదిలి, విషం లేని వేళ చూసి సంతకాలు పెట్టాను. ఆ ఆడవాళ్ళకి రిజిస్టరు చూపించి పంపేశాను. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికైనా తాను తాగుతున్నానని తెలుసు, నాకు అదీ తెలియలేదు.

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. అన్ని వేళలుండగా పదింటికే ఎందుకన్నారు?

పిచ్చుక


మార్చి 14

అమ్మడూ,

రెండు ఉత్తరాలూ ఒకేరోజు చేరాయి. మొదటిదాంట్లో నిన్ను దొంగ అనుకుంటున్నానని తిట్టావు. దొంగ నువ్వు కాదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నది నేను. నువ్వు పదింటి పేరెత్తిన ప్రతిసారీ తడుముకున్నాను.

చెప్తాను, మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను. నేను ఉద్యోగంలో చేరిన రెండో నెల. మా ఊరి మురుగు ఇళ్ళ నుంచి ప్లాంటుకి రావడానికి నాలుగైదు గంటలు పట్టేది. అసలు బరువంతా మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చేది, తొట్టి పొంగేది. నేను అప్పుడే నీళ్ళు పట్టి రాశాను. మా పై ఆఫీసరు రిజిస్టరు చూసి, ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుని, "పదింటికి పట్టవయ్యా. అప్పటికి చేరేవి రాత్రి నీళ్ళే, తేలిగ్గా ఉంటాయి, మనందరం బతుకుతాం" అన్నాడు. కొత్త ఉద్యోగం, కొత్త పెళ్ళి. పట్టాను. ఒక ఏడాది సిగ్గుపడ్డాను. రెండో ఏడాది అలవాటయింది. ఆ తరవాత కొత్తవాళ్ళకి పని నేర్పాల్సొచ్చి, వాళ్ళెందుకని అడిగితే ఏం చెప్పను? ఆ పొద్దుటి హడావిడీ, మధ్యాహ్నపు బద్ధకమూ అన్న మాట అప్పుడు అల్లాను. వినసొంపుగా ఉంది. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. నీకూ అదే చెప్పాను, నీకు పదహారేళ్ళు, నోట్‌బుక్‌లో రాసుకున్నావు. ఆపాలనిపించింది. ఆపలేదు. నువ్వు నన్ను చూసే చూపు పోతుందని భయం.

మా కాలవ కింది ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళు ఇప్పుడు లేరు. ఎప్పుడు మానేశారో నేను చూడలేదు, చూడదల్చుకోలేదు.

నిన్ను పొద్దున్నే వెళ్ళమని రాసినప్పుడు ఈ సంగతి కూడా రాసుండాల్సింది. మూడు కాగితాలు చింపింది అందుకే. నువ్వు నాకు జవాబు రాయకపోయినా తప్పులేదు. కానీ ఆ నివేదిక మీద సంతకం పెట్టకు.

మామయ్య


మార్చి 22

మామయ్యా,

మీ ఉత్తరం అందిన రోజంతా మీ మీద మండిపడ్డాను. ఇంకా మండుతూనే ఉంది. మీ మాట రాసుకున్న నోట్‌బుక్ పేజీని ఇన్నేళ్ళూ అట్టవేసి దాచుకున్నానే! మీరు ఒక్కసారి "అది ఆఫీసరు కోసం" అనుంటే ఈ కయ్య ఇలా అయ్యేది కాదు. ఆ మాట నేనెప్పటికీ అంటూనే ఉంటాను, మీరు పడాలి. అయితే ఇంకొకటి కూడా నిజం. పెద్దమ్మ ఏడింటికి రమ్మని పిలిచింది. రానన్నది మీరు కాదు, నేను.

ఏం చేశానో రాస్తాను. వ్యాను కోసం చూడకుండా నడిచి, ఏడు రోజులు పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటగంటకీ నీళ్ళు పట్టాను. లాండ్రీ పెద్దాయన రోజూ ఓ కప్పు టీ పంపాడు, మీరు స్నేహంగా ఉండమన్నది ఆ ఒక్క విషయంలో పనికొచ్చింది. ఆ కాగితాలు తీసుకుని మేనేజరు దగ్గరికెళ్ళాను. ముందు కుర్చీ చూపించాడు. "నిబంధనల్లో రోజుకోసారి అనుంది గానీ ఏ వేళకో లేదు కదమ్మా, పదింటివే పంపు, జీతం సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. కుదరదన్నాను. అంతే, గొంతు మారింది. "ఇన్నాళ్ళు సంతకం పెట్టింది నువ్వే, బయటికి పొక్కితే ముందు మునిగేది నువ్వే" అన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు, ఇతను రెండూ ఒకే పావుగంటలో పట్టుకున్నాడు.

మునిగితే మునిగాను. పొద్దుటి స్నానాల నీళ్ళని ముందు ఓ పెద్ద తొట్టిలో నిలబెట్టి రోజంతా కొద్దికొద్దిగా వదిలితే బురద పొంగదు. అది కట్టేదాకా గదులు సగం మూయాలి. ఇదంతా రాసి, పదింటి అంకెలూ ఏడింటి అంకెలూ పక్కపక్కన పెట్టి, పాత రిజిస్టరు కాగితాల మీది సంతకాలు నావేనని కూడా రాసి, పర్యావరణ తనిఖీ అధికారిణికి నేరుగా ఇచ్చి రసీదు తీసుకున్నాను.

అక్కణ్ణుంచి గుల్లలవాళ్ళ పాకలకి వెళ్ళాను. వాళ్ళ ఎదురుగా నేలమీద కూచున్నాను. "మీరన్నదే నిజం. మా నీళ్ళే. నేనే సంతకం పెట్టాను" అన్నాను. పెద్దమ్మ వల అల్లుతోంది, చెయ్యి ఆపలేదు. "మాకు తెలుసు కదమ్మా. ఇన్నాళ్ళూ తెలియంది నీకేగా" అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మీరు చెప్పండి. మీ పదింటి వెనకున్న నిజం నాకు కాక ఇంకెవరికి చెప్పారు?

పిచ్చుక


ఏప్రిల్ 11

మామయ్యా,

మీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. అత్తయ్యకి ఫోన్ చేస్తే "రోజూ పొద్దున్నే గొడుగు పట్టుకుని ఎక్కడికో పోతున్నారు, అడిగితే వినపడనట్టు నటిస్తున్నారు" అంది. నా మాటకి నొచ్చుకున్నారా? నొచ్చుకుంటే నొచ్చుకోండి, వెనక్కి తీసుకోను.

అధికారిణి తనే వచ్చి ఏడింటికి తొట్టి పక్కన నిలబడింది. కళ్ళారా చూసింది. ఎనభై గదుల అనుమతి ఆగిపోయింది. ఉన్నవాటిలో అరవై గదులకి తాళం వేయించింది, నిలవ తొట్టి కట్టేదాకా తియ్యరు. తరవాత నా పాత కాగితాలు ముందు పెట్టి, "ఇవి ఎవరివి?" అంది. నావే అన్నాను. నా లైసెన్సు ఏడాదిపాటు ఆపేశారు. మేనేజరు ఆ సాయంత్రమే నా బల్ల ఖాళీ చేయించాడు.

మా అమ్మకి మీరే నచ్చజెప్పాలి. ఇంటికొచ్చేయమంటోంది. రాను. ఇక్కడే గది ఉంచుకున్నాను. ఒక పాఠశాలలో లెక్కలు చెప్పే పని దొరికింది, తొమ్మిదిన్నరకి మొదలు. దానికి ముందు రోజూ ఆరున్నరకి పెద్దమ్మ వాళ్ళతో కయ్యలోకి దిగుతున్నాను. పైపు నోటి దగ్గర సీసా పడుతున్నాను. ఇదివరకు గోడకి అవతల పట్టేదాన్ని, ఇప్పుడు ఇవతల. సంతకానికి విలువ లేదు గానీ సీసాకి ఉంది. అధికారిణి తీసుకుంటోంది. నిన్నటి అంకె నలభై ఒకటి. ఇంకా ఎక్కువే. తగ్గేదాకా దిగుతాను.

పిచ్చుక


ఏప్రిల్ 24

చిరంజీవి పిచ్చుకకి,

నొచ్చుకోలేదు. పని మీద ఉన్నాను. అయ్యాక రాద్దామనుకున్నాను.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు "ఎవరికీ చెప్పలేదు" అని. అది రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే ముందు పెద్దాఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా నేను చెప్పిందంతా విని, కాగితం మీద, "ఆ ఆఫీసరు పోయి పదేళ్ళయింది, ఇప్పుడెందుకండీ, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి" అని రాసి చూపించాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అలా రెండు వారాలు తిరిగాను. నిన్న ఇక అక్కడ కూచోవడం దండగనిపించి, నా పాత ప్లాంటుకి నడిచాను.

ఇప్పుడక్కడ ముప్ఫై ఏళ్ళ కుర్ర ఆపరేటరు ఉన్నాడు. మర్యాదస్తుడు, కుర్చీ తుడిచి వేశాడు. నీళ్ళు ఎన్నింటికి పడుతున్నావయ్యా అన్నాను. ఇంకా ఏం వింటానో తెలియక అడిగాను సుమా, నేను దిగిపోయి పన్నెండేళ్ళయింది, పద్ధతులు మారుంటాయనుకున్నాను. అతను రిజిస్టరు వెనక పేజీలో రాసి నా వైపు తిప్పాడు. "పదింటికే సార్. నాకు ముందున్నాయన అలా నేర్పారు. పదింటి నీళ్ళే నిజం చెప్తాయట. ఆ మాట ఎవరిదో తెలీదు."

పిచ్చుకా, పిల్లలు లేరని మీ అత్తయ్యా నేనూ ఎన్నిసార్లు బాధపడ్డామో. నేను పోయాక కూడా బతికేదొకటి నేను కని వదిలానని ఆ కుర్చీలో తెలిసింది. ఏడ్చాను. ఆ అబ్బాయి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

"ఆ మాట నాది. అబద్ధం" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు, బయటున్న తోటమాలి లోపలికొచ్చాడు.

ఒంటిగంట దాకా కూచున్నాం. అతనే సీసా అందించాడు. నేను వంగి పట్టాను, అతను నా నడుం పట్టుకున్నాడు. అంకె వచ్చింది. ఉండాల్సిన దానికి ఆరింతలు. అతను పెన్ను చేతిలో పట్టుకుని నన్ను చూశాడు. నా రెండో నెల ఉద్యోగంలో నేనున్నట్టే ఉన్నాడు. పెన్ను తీసుకుని, తేదీ రాసి, వేళ దగ్గర "మధ్యాహ్నం ఒంటిగంట" అని రాసి, అంకె వేసి, కింద నా పూర్తి పేరు పెట్టాను. పక్కన అతను తన పేరు పెట్టాడు. ఆ పేజీ నకలు ఇవాళ పెద్దాఫీసుకి రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. రేపు ఒంటిగంటకి మళ్ళీ పడతాం.

నీ మేనమామ